అరటన్ను సమర్ కట్టె

ఖతర్‌లో కట్టెల పొయ్యేమిటని మీరు నవ్వబోతున్నారు. నవ్వండి. నాకైతే ఇంకా నవ్వు రావడం లేదు.

నేల కింద గ్యాసు, నేల మీద ఇసుక, మధ్యలో మేము. చెట్టు కనిపిస్తే కారాపి ఫొటో తీసుకునే దేశం. అలాంటి చోట ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి అరటన్ను కట్టెలు కొన్న తెలుగువారు ఒక్కరే ఉన్నారు. ఆయనకి నేను ఇల్లాలిని.

మా ఆయన సత్యనారాయణమూర్తి గారి ఉద్యోగం క్వాంటిటీ సర్వేయర్. అంటే ఎవరో కట్టిన గోడకి ఎన్ని ఇటుకలు పట్టాయో, నిజానికి ఎన్ని పట్టి ఉండాలో లెక్కగట్టి, ఆ తేడాకి మరెవరినో నిలదీయడం. కంపెనీలో అందరూ కొలతల మూర్తి అంటారు. దాన్ని ఆయన బిరుదనుకుంటారు.

తొంభై మూడు జనవరి సంగతి. అంతకు ముందే ఉమ్ ఘువైలినాలో ఫ్లాట్ ఖాళీ చేసి, అల్ ఘర్రాఫాలో కంపెనీ ఇచ్చిన విల్లాకి మారాం. వీధి గుమ్మం పక్కనే ఒక గది ఉంది. ఇక్కడివాళ్ళు అతిథుల్ని కూర్చోబెట్టుకునే మజ్లిస్. చూడగానే దాని మీద మనసు పడ్డాను. కాకినాడలో లెక్కలు చదివి బి.ఎస్సీ. పాసైన దాన్ని. పదేళ్ళ సంసారంలో చీర అడగలేదు, గొలుసు అడగలేదు. ఆ గది అడిగాను. ఫిబ్రవరి మొదటి శుక్రవారం నుంచి అందులో మన పిల్లలకి తెలుగు, తెలుగులో ఎక్కాలు చెబుతానని తొమ్మిది మంది తల్లులకి మాటిచ్చాను. ఒక స్కూలు వాళ్ళు తీసేసిన నల్లబల్ల కూడా సంపాదించాను.

ఒక్కటే ఇబ్బంది. ఆ గది నేల మంచుగడ్డలా ఉంటుంది.

"ఏమండీ, ఆ గదికి ఓ కరెంటు హీటరు కొనండి. పిల్లలు కింద కూర్చోవాలి" అన్నాను.

"హీటరా? గాలిని పీల్చి పిప్పి చేసేస్తుంది. ముక్కులు ఎండిపోతాయి. అంతకంటే గొప్ప ఏర్పాటు నా మనసులో ఉంది. చూస్తూ ఉండు" అన్నారు.

చూస్తూనే ఉన్నాను. మూడో రోజు పొద్దున్నే మా గుమ్మం ముందు ఒక ఇనప ఏనుగుపిల్ల దిగింది. ఆరుగురు మోస్తే హాల్లోకి వచ్చింది.

వాళ్ళ పెద్ద మేనేజరు దొర ఉద్యోగం చాలించి ఇంగ్లండు వెళ్ళిపోతూ వదిలించుకున్న కట్టెల పొయ్యి అది.

"నాలుగేళ్ళు ఆయనింట్లో ఉంది కదా, ఎన్నిసార్లు వెలిగించాడట?" అని అడిగాను.

"ఒక్కసారి కూడా వాడలేదు. కొత్తదాని కిందే లెక్క."

"ఎందుకు వాడలేదో అడిగారా?"

"దొరకి చలి అలవాటు."

"చలి అలవాటైనవాడు పొయ్యెందుకు తెచ్చుకున్నాడు?"

"నువ్వు లాయరువి కావలసింది ఇందిరా."

"టీచర్నయినా చాలు. ముందు ఆ గది వెచ్చబెట్టండి."

"హాలు వేడెక్కితే ఇల్లంతా వేడెక్కుతుంది" అని, ఆయన హాల్లో కిటికీ ఏసీ పీకించారు. ఆ కన్నంలోంచి పొగగొట్టం బయటికి పెట్టి, మిగిలిన సందులకి ప్లైవుడ్ ముక్కలు కొట్టించారు. గొట్టం మూతి సరిగ్గా ఉత్తరానికి తిరిగింది. ఇక్కడ చలికాలంలో షమాల్ గాలి వీచేదీ ఉత్తరం నుంచే. ఆ మాట అనబోయాను. "పని మధ్యలో పలకరించకు" అన్నారు. మానుకున్నాను.

ఇక కట్టెలు. చలి రోజుల్లో ఇక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని మంటలు వేసుకుంటారు. వాళ్ళకి కట్టెలమ్మే పఠాను ఒకతను ఉన్నాడు, ఇక్రాముద్దీన్. పికప్ నిండా వేసుకుని మా ఇంటికే వచ్చాడు.

"సమర్ హై సాబ్, అసలీ సమర్" అన్నాడు. తుమ్మ జాతి కట్టె. మెలికలు తిరిగి, ముళ్ళు తేలి ఉంది.

"సమరమే" అన్నాను నేను. ఎవరూ వినలేదు.

కట్టకింత అని ధర చెప్పాడు ఇక్రాముద్దీన్. మా ఆయన ముఖం అదోలా పెట్టారు.

"కట్ట అనేది కొలత కాదయ్యా. ఒకటి లావు, ఒకటి సన్నం. తూకం వేసి తీసుకుంటాను. కిలో లెక్క చెప్పు."

"మేరే పాస్ తరాజూ నహీ హై సాబ్."

"నా దగ్గరుంది" అని లోపలికి వెళ్ళి, బాత్రూంలో మనుషులు బరువు చూసుకునే మిషన్ పట్టుకొచ్చారు. కట్టెత్తుకుని తాను దాని మీద నిలబడతారట. వచ్చిన అంకెలోంచి తన బరువు తీసేస్తే కట్టె బరువట. సిద్ధాంతం బాగానే ఉంది. కట్టె అడ్డమొచ్చి అంకె ఆయనకి కనిపించదు కాబట్టి, చదవడానికి మా అమ్మాయి ధాత్రిని గొంతుక్కూర్చోబెట్టారు. దానికప్పుడు ఎనిమిదేళ్ళు, అబద్ధం ఇంకా నేర్వలేదు.

"ముందు వట్టిగా ఎక్కు నాన్నా."

ఎక్కారు.

"డెబ్భై తొమ్మిది!" అని అరిచింది ధాత్రి. వీధంతా విన్నారు.

"బూట్లేసుకున్నానమ్మా. స్వెట్టరు, పర్సు కూడా ఉన్నాయి. అసలు నా బరువు అరవై ఎనిమిది" అన్నారు.

"బూట్లూ స్వెట్టరూ కలిసి పదకొండు కిలోలా?" అన్నాను.

"నా బరువు నాకు తెలీదా? పెళ్ళినాటి నుంచీ అరవై ఎనిమిదే."

"పెళ్ళినాటి ప్యాంట్లు నేను రెండుసార్లు వదులు చేశాను."

"గుడ్డ ముడుచుకుపోయింది. ఇక్కడి నీళ్ళు అలాంటివి" అనేశారు.

ఇలా ఉంటుందండీ. ప్రపంచంలోని ప్రతి గోడనీ అనుమానించే మనిషి, తన పొట్టని మాత్రం అనుమానించరు.

ఇంతలో ఇంకో ముచ్చట. రెండు రోజుల ముందే వాన పడింది. కట్టెలన్నీ ఎండినవి కావు. నేను రెండు కట్టెలు తీసి ఒకదానికొకటి కొట్టి చూశాను. ఎండినది ఠంగుమంటుంది, తడిది దబ్బుమంటుంది. మా నాయనమ్మ కట్టెల అడితిలో అలాగే ఏరేది, చివర్లు పగుళ్ళిచ్చాయో లేదో చూసేది. తేలిగ్గా ఉన్నదే మంచి కట్టె అనేది.

"ఇవి తడిగా ఉన్నాయండీ. అవతలి పక్కవి తీసుకోండి."

"కట్టెల్ని తబలాలా వాయిస్తావేమిటి? చూడు, ఇవే బరువుగా ఉన్నాయి. బరువుంటేనే కదా చేవ?" అని, బరువైనవన్నీ ఏరి ఏరి తీసుకున్నారు. ఇక్రాముద్దీన్ నా వంక చూసి తల దించుకున్నాడు. వాడికున్న సిగ్గు కూడా ఈయనకి లేదు.

ధాత్రి చదువుతోంది. "తొంభై మూడు! తొంభై మూడు! తొంభై నాలుగు! తొంభై రెండు!"

"తొంభై మూడు సగటు. తీసివేత అరవై ఎనిమిది. కట్టకి ఇరవై ఐదు కిలోలు" అని కాగితం మీద వేసుకున్నారు. రోజుకి పన్నెండు కిలోల చొప్పున ఆరు వారాల చలికి అరటన్ను కావాలట. ఇరవై కట్టలు కాగానే ఐదు వందల కిలోలు పూర్తయ్యాయని చెయ్యెత్తారు.

ఇక్రాముద్దీన్ సలాం చేసి, డబ్బులు జేబులో పెట్టుకుని, వీధి మలుపు దాకా నవ్వుకుంటూ పోయాడు. తన ధరకి కట్టల లెక్కన అమ్మితే వాడికి అందులో సగం వచ్చేది.

ఇప్పుడు నా కడుపు మండిన చోటికి వస్తున్నాను. మళ్ళీ వానొస్తే తడుస్తాయని ఆ కట్టలు ఎక్కడ పెట్టారనుకున్నారు? నా మజ్లిస్‌లో! లావువి ఒక గోడకి, మధ్యరకం ఇంకో గోడకి, పుల్లలు మూలకి. మధ్యలో నడిచే దారి. ఏ గ్రేడు, బి గ్రేడు, సి గ్రేడు అట. ఆ జాబితా రాసుకోవడానికి పలక కావాలి కదా. నా నల్లబల్ల! నా సుద్దముక్క!

గది వెచ్చబెట్టమంటే గదిని కట్టెల కొట్టు చేశారు.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించారు. తడికట్టె, ఉత్తరం గాలి. బయటికి పోవలసిన పొగ గొట్టంలో సగం దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి వచ్చింది. అయిదు నిమిషాల్లో మా ఆయన నాకు కనిపించలేదు. దగ్గు వినిపించింది కాబట్టి ఉన్నారనుకున్నాను. పక్క విల్లాలో పనిచేసే లూర్దమ్మ, తూర్పు గోదావరి మనిషి, బకెట్టుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అమ్మగారూ! ఇల్లంటుకుందాండీ?"

"లేదు లూర్దమ్మా. అయ్యగారు ఇల్లు వెచ్చబెడుతున్నారు."

"ఇలాగైతే ఊరు కూడా వెచ్చబడిపోద్దండీ" అని ఆ నీళ్ళు పొయ్యిలోనే పోసింది. మంచిపని చేసింది.

కర్టెన్లు నల్లబడ్డాయి. కిటికీలన్నీ తెరిస్తే చలి లోపలికి వచ్చి కూర్చుంది. మా ఆయన ముఖం తుడుచుకుని తీర్పు చెప్పారు.

"కట్టె కాస్త ఆరాలి. అంతే. పదిహేను రోజులు మజ్లిస్‌లో ఫ్యాను వేసి ఉంచుదాం."

వింటున్నారా? కట్టెలకి ఫ్యాను, మాకు వణుకు!

"పదిహేను రోజులకి నా క్లాసు మొదలు కావాలి. పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, బి గ్రేడు మీదా?"

"క్లాసులు మార్చిలో పెట్టుకో."

"తొమ్మిది మంది తల్లులకి మాటిచ్చాను."

"మాటకేముందిలే ఇందిరా! కట్టెలకి ఖర్చయింది."

ఆ మాటకి నేను మారు పలకలేదు. నేను పలకకపోతే మా ఆయన గెలిచాననుకుంటారు. అలా చాలాసార్లు గెలిచారు పాపం.

మర్నాడు కిటికీ దగ్గర ఎవరో పిలిచారు. ఎదుటి విల్లా వాళ్ళ డ్రైవరు లింగన్న, రాయచోటి దగ్గర పల్లెటూరి మనిషి. మజ్లిస్‌లోకి తొంగి చూస్తున్నాడు.

"ఏందమ్మా, యెవురి పెండ్లి?"

"పెళ్ళేమిటి లింగన్నా?"

"ఇంటిముందర ఇన్ని కట్టెలేసినారంటే పెండ్లన్నా కావాల, తద్దినమన్నా కావాల. మా అర్బాబు గూడా అడుగుతాండాడు, మీ సారు ఎడారికి పోతాండాడా అని." అర్బాబంటే అతని యజమాని.

మన జిల్లాల్లో ఎవరి వాకిట కట్టెలు పేరిస్తే వాళ్ళింట్లో భోజనాలు. లింగన్నకి తెలిసిన ఈ ముక్క, ఈ కొలతల ఇంటికి వచ్చాక నేనెలా మరిచిపోయాను?

"పెళ్ళీ కాదు, తద్దినమూ కాదు. ఫిబ్రవరి మొదటి శుక్రవారం మనవాళ్ళకి భోజనాలు. సారే పెడుతున్నారు. కట్టెలు కూడా స్వయంగా తూచి కొన్నారు."

"యా మాట కా మాట, మీ సారు మంచోడమ్మా!" అన్నాడు లింగన్న. నేను కాదనలేదు.

తర్వాత ఫోను తీసుకున్నాను. ఏటా చలికాలంలో మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి వండుకు తింటాం. ఆ ఏడు జనం పెరిగారు, గ్యాసు పొయ్యిలు పెద్ద గిన్నెల్ని మొయ్యలేవని ఆ ప్రయత్నం ఆగిపోయి ఉంది. కట్టెలు నా వంతు అన్నాను. బియ్యం ఒకరు, కూరలు ఒకరు, పెరుగు ఒకరు ఒప్పుకున్నారు. డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కూలీల క్యాంపుల్లో ఉండేవాళ్ళు కూడా మనతోనే బంతిలో కూర్చుంటారని ఒక్క షరతు పెట్టాను. అందరూ సరేనన్నారు. లింగన్న అర్బాబు ఎడారికి తీసుకుపోయే పెద్ద దేగిసాలు రెండు ఇస్తానన్నాడు.

మిగిలింది ఒక్కటే. మామూలుగా జనాన్ని బట్టి బియ్యం, బియ్యాన్ని బట్టి కట్టె లెక్క వేస్తారు. నాకు తిరగేసి కావాలి. నా గదిలో ఒక్క పుల్ల కూడా మిగలకుండా ఉండాలంటే ఎంతమందిని పిలవాలి?

ఇంట్లో కొలతల నిపుణుణ్ణి పెట్టుకుని వేరొకరిని అడగడమెందుకు?

"ఏమండీ, పిల్లలకి ఓ లెక్క తయారు చేస్తున్నాను. ఆరుబయట కట్టెల మీద అన్నం, పప్పు, పులుసు, పాయసం వండితే మనిషికి కట్టె ఎంత పడుతుంది?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. అంతకంటే సంతోషం ఆయనకి లేదు.

"మూసిన పొయ్యి అయితే ఒక కిలో. ఆరుబయట రాళ్ళ పొయ్యి, అందులోనూ మన గాలి. సగం వేడి వృథా. మనిషికి రెండు కిలోలు వేసుకో" అని కాగితం మీద తన చక్కటి దస్తూరితో రాసి, కింద గీత గీసి, సంతకం కూడా చేసిచ్చారు.

"ఫిబ్రవరి నాటికి తడి ఆరుతుందంటారా?"

"ఎందుకారదు? ఫ్యాను ఎవరిది?"

ఫ్యాను వేసిన రెండో వారంలో లూర్దమ్మని పిలిచి మిషన్ ఎక్కించాను. వట్టిగా యాభై ఏడు. కట్టతో అరవై తొమ్మిది. లూర్దమ్మ తన బరువు దాచుకోలేదు కాబట్టి లెక్క రెండే ముక్కల్లో తేలింది. ఆయన కాగితం కింద నా లెక్క నేను వేసుకుని, పప్పుల డబ్బాలో దాచాను.

ఆ శుక్రవారం పొద్దున్న ఆయన్ని బజారుకి పంపించాను. "కట్టెలు ఆరాయి కదా, ఇవాళ వెలిగిద్దురు గాని. పొయ్యిలోకి పొడుగు పట్టకారు లేదుగా?" అంటే హుషారుగా వెళ్ళారు.

పదకొండింటికి పట్టకారు భుజాన వేసుకుని వచ్చేసరికి, మా ఎదుటి ఖాళీ స్థలంలో చాపలు పరిచి ఉన్నాయి. నాలుగు పొయ్యిలు మండుతున్నాయి. దేగిసాలో పులుసు తెర్లుతోంది. వీధి పొడుగునా కార్లు, రెండు క్యాంపు బస్సులు.

"సారొచ్చినారు! అన్నదాత వచ్చినాడు!" అని లింగన్న కేకేశాడు. చప్పట్లు. ఎవరో గులాబీ అత్తరు చల్లారు.

ఆయన నా దగ్గరికి అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు.

"ఇందిరా. ఏమిటిది?"

"మీరే పెడుతున్నారండీ భోజనాలు. ఊరంతా మెచ్చుకుంటోంది."

"నా కట్టెలు..." అని, ఒక్క ఉరుకున పొయ్యి దగ్గరికి వెళ్ళారు. లింగన్న ఓ లావుపాటి మొద్దు లోపలికి తోస్తున్నాడు.

"లింగన్నా, ఆగు! అది ఏ గ్రేడు!"

"యే గ్రేడైతే ఏంది సార్, బాగా మండుతాంది!"

ఆయన నోరు తెరిచారు. కానీ అప్పటికే క్యాంపు నుంచి వచ్చిన ఒక ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని, "రెండేండ్లయింది బాబూ, కట్టెల మీద కాగిన పులుసు వాసన చూసి" అన్నాడు. మా ఆయన పట్టకారు లింగన్న చేతికిచ్చేశారు. న్యాయంగా చెప్పాలి కదా, ఆ తర్వాత స్వయంగా వడ్డించారు కూడా. పాయసం మాత్రం వడ్డించినప్పుడల్లా తానూ ఓ గరిటె రుచి చూశారు.

చివరి బంతి లేచే సమయానికి చివరి కట్ట విప్పాం. లూర్దమ్మ గుమ్మం దగ్గర విస్తళ్ళు లెక్క పెడుతోంది. "నూట పందొమ్మిదండీ... నూట ఇరవయ్యండీ." ఆ నూట ఇరవయ్యోది ఇక్రాముద్దీన్‌ది. వాడినీ పిలిచాను. కట్టెలు వాడివే కదా.

పాయసం దింపగానే కింద బూడిద తప్ప ఏమీ లేదు. నలుగురు కుర్రాళ్ళని పిలిచి, ఇనప ఏనుగుపిల్లని కూడా మజ్లిస్ మూలకి జరిపించాను. సుద్దముక్కలు, డస్టరు పెట్టుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది. నల్లబల్ల మీద బి గ్రేడు, సి గ్రేడు తుడిచేసి, 'అ' రాశాను. అప్పటికే చేతులు కడుక్కున్న తొమ్మిది మంది పిల్లలూ చాప మీద కూర్చున్నారు. వంద మంది తిరిగిన ఇల్లు, అప్పటికి వెచ్చగానే ఉంది.

మా ఆయన గుమ్మం మెట్టు మీద బూట్లు విప్పుకుని కూలబడ్డారు. వేళ్ళు లెక్కబెట్టుకుంటున్నారు. ఉన్నట్టుండి లేచారు.

"ఆగు! అరటన్ను కట్టె. మనిషికి రెండు కిలోలు. రెండొందల యాభై మందికి వండొచ్చు. నూట ఇరవై మందికే ఎలా అయిపోయింది? ఈ ఇక్రాముద్దీన్ గాడు నన్ను మోసం చేశాడు!"

ఇక్రాముద్దీన్ పాయసం గిన్నె దించి, "సాబ్, వజన్ తో ఆప్ నే కియా" అన్నాడు మెల్లిగా. తూచింది తమరే కదా అని.

నేను పప్పుల డబ్బాలోంచి కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పైన ఆయన దస్తూరి. కింద నాది.

"మీరు రాసింది ఐదు వందలు. అందులో కట్టకి పదకొండు చొప్పున రెండొందల ఇరవై కిలోలు మీ పొట్ట. కట్టకి రెండు చొప్పున నలభై కిలోలు వాన. మిగిలిన రెండొందల నలభై కట్టె. మనిషికి రెండు చొప్పున నూట ఇరవై. మీ సంతకం కూడా ఉంది."

ఆయన ఆ కాగితం రెండుసార్లు కూడి చూశారు. తప్పు దొరకలేదు. తప్పుంటే పట్టుకునేవారే, ఆ విషయంలో ఆయన నిజాయితీపరుడు. లోపలికి వెళ్ళారు. బాత్రూంలో మిషన్ కిర్రుమంది. ధాత్రి ఆయన వెనకే పరిగెత్తింది.

"ఎనభై ఒకటి, నాన్నా!"

"బూట్లమ్మా, బూట్లు!" అని లోపలి నుంచి వినిపించింది.

ఆ బూట్లు మెట్టు మీద, నా కళ్ళ ముందే ఉన్నాయి.